టెర్మినల్‌లో వైరు వదులు కాకుండా బిగించడం ఎలా?

మా ఇంట్లో గీజర్ సాకెట్ దగ్గర ఒకసారి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. విప్పి చూస్తే స్క్రూ కింద వైరు ఆడుతోంది, పైతొక్క నల్లబడి పెళుసెక్కింది. వైరు మంచిదే, సాకెట్టూ మంచిదే. బిగింపే సరిగ్గా లేదు. వదులైన చోట 0.1 ఓమ్ నిరోధం ఉన్నా చాలు, 15 ఆంపియర్లు పారితే ఆ కాస్త చోటులోనే 22 వాట్లకు పైగా వేడి పుడుతుంది. అది ఇంచుమించు చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి!

మొదట మెయిన్ ఆపండి. టెస్టర్‌ను ముందుగా కరెంటున్న చోట వెలుగుతోందో లేదో చూసుకుని, ఆపాక ఇక్కడ పెట్టి చూడండి. పాడైన టెస్టర్‌ను నమ్మడం ప్రమాదం.

తర్వాత తొక్క తీయాలి. టెర్మినల్ (వైరును స్క్రూతో బిగించే చోటు) లోతు ఎంతో అంతే, మామూలుగా 8 నుంచి 10 మిల్లీమీటర్లు. పళ్లతో లాగొద్దు, బ్లేడుతో గట్టిగా కోయొద్దు. రెండు పోగులు తెగినా వైరు ఆ మేరకు సన్నబడినట్టే. స్ట్రిప్పర్ కొనుక్కోండి, ఏళ్ల తరబడి పనికొస్తుంది.

అసలు పని ఇప్పుడే. పోగులన్నీ కలిపి వేళ్లతో ఒకే వైపు పురి పెట్టండి. ఒక్క పోగు పక్కకు పొడుచుకొచ్చి పక్క టెర్మినల్‌కు తగిలినా షార్ట్ అవుతుంది. రంధ్రం పెద్దదై వైరు సన్నగా ఉంటే, కొసను వెనక్కి మడిచి రెండు పేటలుగా దూర్చండి. చుట్టే రకం స్క్రూ అయితే గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. అప్పుడు బిగించే కొద్దీ వైరు లోపలికే లాక్కుంటుంది. ఎదురు చుడితే బయటికి జారుతుంది. కొసకు సోల్డరింగ్ సీసం పూయడం మంచి అలవాటు కాదు. ఒత్తిడికి అది మెల్లగా అణిగి, బిగింపు వదులవుతుంది. దానికి బదులు ఫెర్రూల్ (కొసకు తొడిగి నొక్కే చిన్న లోహపు గొట్టం) వాడండి.

స్క్రూ పట్టాల్సింది రాగిని, తొక్కను కాదు. అలాగని రాగి బయటికి కనిపించకూడదు. సరిపడే స్క్రూడ్రైవర్‌తో గట్టిగా బిగించండి, కానీ మర పోయేంతగా కాదు. ఆపైన ఒక్కో వైరును పట్టుకుని లాగి చూడండి. కదిలితే విప్పి మళ్లీ మొదటి నుంచి చేయండి.

ప్లగ్గులో ఎర్త్ వైరును మిగతా రెండింటికంటే కాస్త పొడుగ్గా వదలండి. ఎవరైనా తీగ పట్టి గుంజినా అదే చివరన ఊడాలి. తీగను పట్టి ఉంచే లోపలి క్లాంపు కూడా తీగ పైతొడుగునే పట్టుకోవాలి, లోపలి వైర్లను కాదు.

కరెంటు వేసి అరగంట వాడాక, స్విచ్ ఆపి ప్లగ్గును తాకి చూడండి. చేతికి వేడిగా తగిలితే, మెయిన్ ఆపి మళ్లీ విప్పాల్సిందే.