అరచేతి కంప్యూటర్‌లో ఆటల సర్వర్ – 3: కరెంటు పోయినా చార్మినార్ నిలవాలి

పోయిన పాఠం చివరికి మన 4 జీబీ రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) మీద మైన్‌క్రాఫ్ట్ అనే కట్టడాల ఆటకి జావా సర్వర్ లేచింది. పిల్లలు పక్కగదిలోని ల్యాప్‌టాప్ నుంచి లోపలికి వెళ్లారు కూడా. కానీ టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) మూసేశారా, సర్వర్ కూడా దాంతోపాటే పడుకుంటుంది. ఇవాళ దాన్ని తనంతట తానే లేచేలా చేద్దాం. అంతకన్నా ముఖ్యం, పడినా దెబ్బ తగలకుండా చూద్దాం.

ఈ పాఠం ఎందుకంటే, నా మొదటి సర్వర్ మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలికి పోయింది. మా అక్క పిల్లలు సెలవులన్నీ కూర్చుని చార్మినార్ కట్టారు. మూడు మినార్లు లేచాయి. నాలుగోది కడుతుండగా కరెంటు పోయింది. మళ్లీ వచ్చేసరికి మెమరీ కార్డు బూటే కాలేదు. బ్యాకప్ ఉందా అని చిన్నది అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు తెలిసింది, ఇలాంటి సర్వర్ కొనేటప్పుడు అందరూ ప్రాసెసర్ వేగం గురించి వాదించుకుంటారు గానీ ఇంట్లో దాన్ని చంపేది కరెంటేనని. మెమరీ కార్డు లోపల ఒక చిన్న ముక్క మార్చాలన్నా దాని చుట్టూ ఉన్న పెద్ద బ్లాకును చెరిపి తిరిగి రాయాల్సి రావచ్చు. సరిగ్గా ఆ క్షణంలో కరెంటు పోతే, రాస్తున్నదే కాదు, దాని పక్కనున్న పాత డేటా కూడా పాడవచ్చు. ఆట సర్వరేమో ఊరికే ఉండదు, ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అందుకే వీలుంటే మెమరీ కార్డు బదులు చిన్న ఎస్ఎస్‌డీ డ్రైవ్ కొని యూఎస్‌బీకి తగిలించండి. పై 4 దాని నుంచే బూట్ అవుతుంది కూడా.

ముందు అడాప్టర్ సంగతి. పై 4కి 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. ఇంట్లో పడి ఉన్న ఫోన్ ఛార్జర్‌తో నడిపిస్తే పైకి బాగానే కనిపిస్తుంది. నలుగురు ఆటలోకి రాగానే వోల్టేజి జారుతుంది. వీసీజెన్‌సీఎండీ గెట్‌_థ్రాటిల్డ్ అనే కమాండ్ కొట్టి చూడండి (ఇక్కడ తెలుగులో రాసినా, కొట్టేది ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే: vcgencmd get_throttled). జవాబులో 0x0 వస్తే క్షేమం. ఇంకేదైనా వచ్చిందంటే వోల్టేజి తగ్గిందో, బోర్డు వేడెక్కిందో అన్నమాట. బోర్డు 80 డిగ్రీలు దాటితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. మన ఎండాకాలంలో ఫ్యాను లేకుండా మూసిన డబ్బాలో పెట్టకండి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ తప్ప ప్లగ్గులకు ఉండదు. బోర్డునీ రౌటర్‌నీ ఆ లైను ఉన్న ప్లగ్గుకే పెట్టించండి. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేయండి, త్వరగా మారుతుంది. పవర్‌బ్యాంకుతో నెట్టుకొద్దామనుకుంటే ముందు పరీక్షించండి. కరెంటు పోగానే రెప్పపాటు ఆగి ఇచ్చేవి చాలా ఉన్నాయి. ఆ రెప్పపాటు చాలు, బోర్డు రీస్టార్ట్ అవడానికి.

ఇప్పుడు అసలు పని. బోర్డు లేవగానే ప్రోగ్రాములను లేపి, కనిపెట్టుకుని ఉండేది సిస్టమ్‌డీ. ఎట్‌సీ లోపలి సిస్టమ్‌డీలో ఉన్న సిస్టమ్ అనే ఫోల్డర్‌లో (/etc/systemd/system) మన ఆట పేరుతో ఒక సర్వీస్ ఫైలు రాయాలి. అందులో ఏ యూజర్ పేరు మీద నడవాలో, ఏ ఫోల్డర్‌లో నడవాలో, పోయిన పాఠంలో చేత్తో కొట్టిన జావా కమాండ్ ఏమిటో ఒక్కో లైనులో చెప్తాం. యూజర్‌గా రూట్‌ను (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌ను) మాత్రం పెట్టొద్దు. జావాకి 2500 ఎంబీ ర్యామ్ మించి ఇవ్వకండి. ఆ అంకె పైన జావా తన సొంత అవసరాలకు ఇంకొంత తింటుంది, మిగిలింది సిస్టమ్‌కి కావాలి.

రీస్టార్ట్ అనే లైనులో ఆన్-ఫెయిల్యూర్ అని రాయండి. ఆల్వేస్ అని రాస్తే, ఆటలోంచి మీరే స్టాప్ కొట్టినా సర్వర్ మళ్లీ లేచి కూర్చుంటుంది. ఇంకో లైను చాలామంది మర్చిపోతారు: సక్సెస్ ఎగ్జిట్ స్టేటస్, 143 (SuccessExitStatus=143). సిస్టమ్‌డీ ఆపమని చెప్పగానే సర్వర్ ఆటలోని ప్రపంచాన్ని భద్రంగా సేవ్ చేసుకుని, పోతూ పోతూ 143 అనే అంకె చెప్పి పోతుంది. ఈ లైను లేకపోతే సిస్టమ్‌డీ దాన్ని తప్పుగా లెక్కేసి ఎర్ర అక్షరాల్లో ఫెయిల్డ్ అని చూపిస్తుంది. నేను దాని కోసం ఒక రాత్రంతా లేని తప్పు వెతికాను. ఫైలు అయ్యాక సిస్టమ్‌సీటీఎల్ (systemctl) కమాండ్‌తో డీమన్-రీలోడ్, తర్వాత ఎనేబుల్, ఆపైన స్టార్ట్.

బ్యాకప్‌కి గొప్ప ఏర్పాట్లేమీ అక్కర్లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు క్రాన్ (చెప్పిన టైముకి పని చేసిపెట్టే ప్రోగ్రాం) మన ఆట సర్వీసును ఆపుతుంది, వరల్డ్ ఫోల్డర్‌ను ఒకే ఫైలుగా మూటకట్టి పెన్‌డ్రైవ్‌లో పెడుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది. నడుస్తుండగా కాపీ చేస్తే సగం పాతది, సగం కొత్తది రావచ్చు, అందుకే ఆపడం. ఏడు రోజుల మూటలు ఉంచుకుంటే చాలు. అదే కార్డులో దాచుకుంటే మాత్రం అది బ్యాకప్పే కాదు.

చిన్న తిరకాసు: పై 4లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు వచ్చాక బోర్డు రౌటర్ కంటే ముందే లేస్తుంది. నెట్ వచ్చి టైము సరిచేసుకునేదాకా అది పాత కాలంలోనే ఉంటుంది. మూటల మీద తేదీ తేడాగా కనిపిస్తే కారణం అదే.

ఇంటిపని: ఒక మూట చేతిలో ఉందని చూసుకున్నాక, ఆటలో నాలుగు రాళ్లు పేర్చి, రెండు నిమిషాలు ఆగి, ప్లగ్గు పీకేయండి. అవును, కావాలనే. మళ్లీ పెట్టాక సర్వర్ ఎన్ని నిమిషాలకు లేచిందో, రాళ్లు ఎన్ని మిగిలాయో రాసి పెట్టుకోండి. సర్వర్ మామూలుగా అయిదు నిమిషాలకోసారి అంతా సేవ్ చేస్తుంది కాబట్టి కొన్ని పోవచ్చు. ఆ తర్వాత మూట విప్పి పాత ప్రపంచాన్ని తిరిగి నిలబెట్టి చూడండి. ఒక్కసారైనా విప్పి చూడని మూటను నమ్మొద్దు.

నాలుగో పాఠంలో వేరే ఊళ్లో ఉన్న బావమరిదిని ఆటలోకి తెద్దాం. దానికి ముందు మీ రౌటర్ పేజీలో బయటి చిరునామా చూసి ఉంచండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, ఆ చిరునామా మీ ఒక్కరిది కాదు, ఇంటర్నెట్ కంపెనీ చాలామందికి కలిపి వాడేది; అప్పుడు రౌటర్‌లో పోర్టు (బయటివాళ్లు ఆటలోకి వచ్చే దారి) తెరవడం ఒక్కటే సరిపోదు, వేరే దారి పట్టాలి.