డిశ్చార్జ్ బుక్‌లో మెడల్, కోర్సు ఎక్కకపోతే ఎక్కించుకోవడం ఎలా

ఆర్మీ నుంచి పెన్షన్ వచ్చాక చాలామంది డిశ్చార్జ్ బుక్‌ని, అంటే సర్వీసు వివరాలు రాసి ఇచ్చే పుస్తకాన్ని, బీరువాలో పెట్టేస్తారు, మళ్లీ బ్యాంకు ఉద్యోగానికో ఇంకోదానికో అప్లై చేసినప్పుడే బయటికి తీస్తారు. తీరా చూస్తే, 2001-02 ఆపరేషన్ పరాక్రమ్ సమయంలో నెలల తరబడి బోర్డర్ మీద ఉన్న మనిషికి ఆ మెడల్ ఎంట్రీ ఉండదు, పుణెలోనో మౌలోనో కోర్సు పాసై ఇన్‌స్ట్రక్టర్ గ్రేడింగ్ తెచ్చుకున్నవాడికి కోర్సుల పేజీ ఖాళీగా ఉంటుంది. "పోనీలే, ఇప్పుడెవరు తిరుగుతారు" అని వదిలేస్తున్నారు. వదలొద్దు. నేను యూనిట్ ఆఫీసులో క్లర్కుగా పనిచేసి వచ్చినవాణ్ణి, ఈ కాగితాలు ఎలా పుడతాయో, ఎక్కడ ఆగిపోతాయో చూసినవాణ్ణి, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం బాగా అర్థం చేసుకోవాలి. మీరు ఏ కొండ మీద ఎన్ని రోజులు ఉన్నారో మీ సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసుకి తెలియదు. మీ ఆర్మీ నంబర్ మీద ఏ పార్ట్ టూ ఆర్డర్ (యూనిట్ మీ గురించి వేసే అధికారిక నోటు) పబ్లిష్ అయిందో అదొక్కటే వాళ్లకి తెలుసు. లీవు, ప్రమోషన్, పెళ్లి, పిల్లలు, కోర్సు, మెడల్, ఏదైనా సరే యూనిట్ ఆఫీసు పార్ట్ టూ ఆర్డర్ వేస్తుంది, అది రికార్డ్ ఆఫీసుకి వెళ్తుంది, వాళ్లు షీట్ రోల్‌లో, అంటే మీ సర్వీసు రికార్డులో, ఎక్కిస్తారు, మీరు పెన్షన్ వచ్చేటప్పుడు ఆ షీట్ రోల్ చూసి డిశ్చార్జ్ బుక్ రాస్తారు. అంటే పొరపాటు జరిగితే మూడు చోట్లలో ఏదో ఒకచోట జరిగి ఉండాలి: యూనిట్ అసలు ఆర్డరే వేయలేదు, లేదా వేసింది కానీ రికార్డ్స్‌లో ఎక్కలేదు, లేదా షీట్ రోల్‌లో ఉంది కానీ బుక్ రాసినవాళ్లు వదిలేశారు. ఈ మూడింటిలో మీది ఏదో తేల్చుకోకుండా "నాకు అన్యాయం జరిగింది" అని నాలుగు పేజీల లెటర్ రాస్తే దానికి వచ్చే జవాబు రెండు లైన్లు, "రికార్డు ప్రకారం ఎంట్రీ లేదు" అని. వాళ్ల తప్పు కూడా కాదు, ఆ సీట్లో కూర్చున్నవాడు ఆర్డర్ నంబర్ లేకుండా పెన్ను పెట్టలేడు.

కాబట్టి మొదటి పని ఇంట్లోనే మొదలుపెట్టాలి. డిశ్చార్జ్ బుక్ తెరిచి మెడల్స్ రాసిన చోటు, కోర్సులు, ట్రేడ్, ఎడ్యుకేషన్ సర్టిఫికెట్లు రాసిన చోటు చూసి, మీకు రావాల్సినవి ఒక కాగితం మీద పక్కన రాసుకోండి. ప్రతి ఎంట్రీకి ఎదురుగా అప్పుడు మీరు ఏ యూనిట్‌లో ఉన్నారు, ఏ నెల నుంచి ఏ నెల వరకు, సీవో (కమాండింగ్ ఆఫీసర్) ఎవరు అన్నది రాయండి. సర్వీసు చివర్లో యూనిఫాంలో దిగిన ఫోటో ఉంటే రిబ్బన్లు లెక్కపెట్టండి. ఫోటో ఒక్కటే సాక్ష్యంగా నిలవదు కానీ ఏది వెతకాలో చెప్తుంది.

అన్ని మెడల్స్ ఒకేలా కష్టం కాదు, ఇది గమనించండి. 9 ఏళ్లు, 20 ఏళ్లు, 30 ఏళ్ల లాంగ్ సర్వీస్ మెడల్స్‌కి, ఇండిపెండెన్స్ యానివర్సరీ మెడల్స్‌కి ప్రధానమైన సాక్ష్యం మీ బుక్‌లోనే ఉంది. భర్తీ అయిన తేదీ, పెన్షన్ వచ్చిన తేదీ చూస్తే ఎన్నేళ్లు చేశారో తెలిసిపోతుంది. యాభయ్యో వార్షికోత్సవం మెడల్‌కి 1997 ఆగస్టు 15న, డెబ్భై ఐదో దానికి 2022 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నారా లేదా అన్నదే ప్రశ్న. వీటి కోసం ఎక్కువ వాదించక్కర్లేదు, ఆ తేదీలు చూపించి అడగండి. ఆపరేషన్లకి సంబంధించినవి, అంటే 1999 ఆపరేషన్ విజయ్ స్టార్, విజయ్ మెడల్, 2001-02 ఆపరేషన్ పరాక్రమ్ మెడల్, సియాచిన్ గ్లేసియర్ మెడల్, హై ఆల్టిట్యూడ్ మెడల్, సైన్య సేవా మెడల్ మీద క్లాస్ప్ (ప్రాంతం పేరున్న పట్టీ), వీటికి మీరు ఆ తేదీల్లో ఆ ప్రాంతంలో ఉన్నట్టు యూనిట్ కాగితం కావాలి. అసలు పని ఇక్కడే. సేనా మెడల్, వీర చక్ర లాంటి అవార్డులైతే గెజిట్ ఆఫ్ ఇండియాలో పేరుతో, నంబర్‌తో నోటిఫై అవుతాయి కాబట్టి ఆ గెజిట్ పేజీ దొరికితే వాదనే ఉండదు. వీటి విషయంలో డబ్బు కూడా పోతోందని గుర్తుంచుకోండి. 2017 ఆగస్టు నుంచి పెరిగిన రేటు ప్రకారం సాహసానికి ఇచ్చిన సేనా మెడల్‌కి నెలకి 2,000 రూపాయలు, వీర చక్రకి 7,000 అలవెన్స్.

ఒక తేడా మాత్రం స్పష్టంగా చెప్పాలి. మీకు వచ్చిన మెడల్ బుక్‌లో ఎక్కకపోవడం వేరు, మీ పేరు సిఫార్సే చేయకపోవడం వేరు. రికార్డ్ ఆఫీసు మొదటిదాన్ని సరిచేయగలదు. రెండోదానికి, ఇరవై ఏళ్ల తర్వాత "ఆ ఎన్‌కౌంటర్‌లో నాకూ అవార్డు రావాల్సింది" అన్నదానికి, వాళ్ల దగ్గర అధికారం లేదు. ఎంత బాధ ఉన్నా రెండూ ఒకే లెటర్లో కలపకండి, కలిపితే సులువుగా అయ్యే పని కూడా దానితోపాటు మూలన పడుతుంది. పుట్టిన తేదీ మార్పు, పేరు స్పెల్లింగ్ కూడా అంతే, వాటికి వేరే దరఖాస్తు.

ఇప్పుడు షీట్ రోల్‌లో ఏముందో తెలుసుకోవాలి. దీనికి నేను ఆర్‌టీఐనే సిఫార్సు చేస్తాను. మామూలు లెటర్‌కి జవాబు ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఆర్‌టీఐకి 30 రోజుల గడువుంది, ఫీజు 10 రూపాయలు. ఆర్‌టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇండియన్ ఆర్మీని ఎంచుకుని వేయొచ్చు. అడిగే తీరు ముఖ్యం. "మా యూనిట్ 2002లో ఎక్కడ డిప్లాయ్ అయింది" అని అడిగితే భద్రత పేరు మీద తిరస్కరించే అవకాశం ఉంది. మీ సొంత కాగితాలే అడగండి: నా షీట్ రోల్ కాపీ, నా నంబర్ మీద పబ్లిష్ అయిన మెడల్స్, కోర్సుల పార్ట్ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు, వేసిన యూనిట్ పేరు. నంబర్, ర్యాంక్, పేరు బుక్‌లో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా అలాగే రాసి, గుర్తింపు కార్డు కాపీ జత చేయండి. జవాబు రాకపోయినా, సగం సగం వచ్చినా 30 రోజుల్లోపు ఫస్ట్ అప్పీల్ వేయండి, దానికి ఫీజు లేదు. అయితే ఆర్‌టీఐతో సమాచారం మాత్రమే వస్తుంది, దిద్దుబాటు జరగదు. "సరిచేయండి" అని అందులో రాస్తే ఆ అప్లికేషన్ వృథా.

షీట్ రోల్ చేతికొచ్చాక మీ కేసు ఏ రకమో తెలిసిపోతుంది. షీట్ రోల్‌లో ఉండి బుక్‌లో లేకపోతే సగం పైన పని అయిపోయినట్టే, ఆ కాపీ పెట్టి రికార్డ్ ఆఫీసుకి రాస్తే చాలు. షీట్ రోల్‌లోనే లేకపోతే యూనిట్‌కి వెళ్లాలి. యూనిట్ ఇప్పుడూ ఉంటే 56 ఏపీవో లేదా 99 ఏపీవో (ఆర్మీ పోస్టాఫీసు) కేరాఫ్‌తో సీవోకి రాయండి, పార్ట్ టూ ఆర్డర్ కాపీ కానీ, ఆ కాలంలో మీరు హాజరులో ఉన్నట్టు సర్టిఫికెట్ కానీ అడగండి. మీతోపాటు అదే సెక్షన్‌లో ఉండి మెడల్ ఎక్కించుకున్న ఇద్దరు ముగ్గురిని పట్టుకోండి. ఇక్కడ పాత వాట్సాప్ గ్రూపులు చాలా పనికొస్తాయి, ఎందుకంటే ఒకే ఆర్డర్‌లో వరసగా ఇరవై ముప్పై పేర్లు ఉంటాయి, వాళ్ల బుక్‌లో రాసిన ఆర్డర్ నంబర్ దొరికితే మీ పేరు కూడా అందులోనే ఉండొచ్చు. సొంత రెజిమెంట్ నుంచి రాష్ట్రీయ రైఫిల్స్ (ఆర్‌ఆర్)కి వెళ్లి చేసి వచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి, ఆర్డర్ వేసేది ఆర్‌ఆర్ బెటాలియన్, ఎక్కించాల్సింది మీ సొంత రెజిమెంట్ రికార్డ్స్, ఈ దారిలో కాగితాలు తప్పిపోవడం నేను ఎక్కువగా చూశాను.

కోర్సుల సంగతి కొంచెం వేరు. సర్టిఫికెట్ పోయినా ఆ కోర్సు నడిపిన సంస్థ దగ్గర రిజల్టు ఉండే అవకాశం ఉంది కాబట్టి నేరుగా అక్కడికే రాయొచ్చు: ఈఎంఈ (వాహనాలు, యంత్రాల రిపేరు విభాగం) వాళ్లకి సికింద్రాబాద్‌లో ఎంసీఈఎంఈ, సిగ్నల్స్‌కి మౌలో ఎంసీటీఈ, ఇంజనీర్లకి పుణెలో సీఎంఈ, మంచు కొండల కోర్సుకి గుల్మార్గ్‌లో హాస్ (హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్), జంగిల్ వార్‌ఫేర్‌కి మిజోరాంలో వైరెంగ్టె స్కూలు. కోర్సు నంబర్, నెల, సంవత్సరం చెప్పాలి. మెడల్ మీద చూపించే పట్టుదల కోర్సుల మీద ఎవరూ చూపించరు, నా ఉద్దేశంలో అది చాలా తప్పు. సివిల్‌లో ఉద్యోగం దొరికేది ట్రేడ్ వల్ల, కోర్సు వల్ల, ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ వల్ల. పది పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లని కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టులకి డిగ్రీతో సమానంగా చూస్తారు, బ్యాంకు క్లర్కు పోస్టుల్లో మాజీ సైనికులకి 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. అంత దూరం వచ్చి వెరిఫికేషన్ రోజున బుక్‌లో ఎంట్రీ లేదని టెన్షన్ పడటం ఎంత దారుణం!

ఇక దరఖాస్తు. ఇంగ్లీషులో కానీ హిందీలో కానీ ఒక పేజీ దాటకుండా రాయండి. పైన నంబర్, ర్యాంక్, పేరు, ట్రేడ్, చివరి యూనిట్, భర్తీ తేదీ, డిశ్చార్జ్ తేదీ, పీపీవో (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబర్, మొబైల్. కింద విషయం సూటిగా, ఇలా: "నా డిశ్చార్జ్ బుక్‌లో ఆపరేషన్ పరాక్రమ్ మెడల్ ఎంట్రీ లేదు. నేను ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు ఫలానా యూనిట్‌లో ఉన్నాను. దీనికి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ నంబర్, తేదీ ఇవి, కాపీ జత చేశాను. ఎంట్రీ చేసి, మెడల్ ఇంతవరకు ఇవ్వకపోతే ఇప్పించగలరు." అంతే. ఒక్కో ఎంట్రీకి ఒక్కో పేరా, ఒక్కో కాగితం. ఒరిజినల్ బుక్ మొదటి లెటర్‌తో పంపొద్దు. వాళ్లు రాతపూర్వకంగా అడిగినప్పుడే, ప్రతి పేజీ ఫోటోకాపీ తీసుకుని, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కానీ స్పీడ్ పోస్టులో కానీ పంపండి, రసీదు దాచుకోండి.

ఎవరికి పంపాలంటే మీ ఆర్మ్ (విభాగం) రికార్డ్ ఆఫీసుకి. మన అదృష్టం, ఈఎంఈ, ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) రికార్డ్స్ రెండూ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి, నేరుగా వెళ్లి మాట్లాడొచ్చు. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్ క్యాంప్, సిగ్నల్స్ జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్ వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ బెంగళూరు. నేవీవాళ్లకి ముంబైలో కమోడోర్ బ్యూరో ఆఫ్ సెయిలర్స్, ఎయిర్‌ఫోర్స్‌కి ఢిల్లీ సుబ్రోతో పార్క్‌లో రికార్డ్ ఆఫీస్. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కవరింగ్ లెటర్ పెట్టి పంపిస్తారు, దానికి రూపాయి కట్టక్కర్లేదు. అది ఉంటే రికార్డ్స్‌లో ఫైల్ కదలడం నేను చూశాను. మధ్యలో "నేను చేయిస్తా, ఇంత ఇవ్వండి" అనేవాళ్లకి డబ్బూ ఇవ్వొద్దు, ఒరిజినల్సూ ఇవ్వొద్దు.

పెన్షన్ లేకుండా మధ్యలో వచ్చేసినవాళ్లు ఆలస్యం చేయకండి. అలాంటివాళ్ల సర్వీస్ డాక్యుమెంట్లు 25 ఏళ్ల తర్వాత రూల్ ప్రకారం నాశనం చేసేస్తారు, ఆ తర్వాత మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టర్‌లో ఒక చిన్న ఎంట్రీ మాత్రమే. భర్త పోయిన ఆడవాళ్లు కూడా అడగొచ్చు, పీపీవో నంబర్, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు జత చేసి తన పేరుతోనే రాయాలి. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో ఇంటింటికీ సైనికుడున్నాడు కాబట్టి చెప్పేవాళ్లు దొరుకుతారు, మిగతా చోట్ల ఆ అమ్మలకి కాగితం రాసిపెట్టే మనిషే ఉండడు. పక్కింట్లో అలాంటివాళ్లు ఉంటే మీరే కూర్చుని రాసిపెట్టండి.

రికార్డ్ ఆఫీసు కాదంటే, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. ఆ జవాబు మీద సీపీగ్రామ్స్ (కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్)లో ఎక్స్ సర్వీస్‌మెన్ వెల్ఫేర్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేయొచ్చు. అదీ తేలకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ పరిధిలోకి వస్తాయి. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి, ఆలస్యమైతే కారణం చూపించి మన్నించమని అడగాలి. కానీ ట్రిబ్యునల్ కూడా చూసేది కాగితమే, ముందు దశల్లో లెటర్లు, రసీదులు, ఆర్‌టీఐ జవాబులు తేదీల వారీగా ఫైల్ చేసి పెట్టుకున్నవాళ్లకే అక్కడ బలం.

ఇంకా సర్వీసులో ఉన్న తమ్ముళ్లు మాత్రం ఈ తిప్పలు పడక్కర్లేదు. పెన్షన్‌కి ఏడాది ముందే షీట్ రోల్ చూపించమని హెడ్ క్లర్క్‌ని అడగండి, లేనిది యూనిట్‌లోనే ఆర్డర్ వేయించుకోండి, చదవకుండా సంతకం పెట్టకండి.

దిద్దిన బుక్ తిరిగి వచ్చినప్పుడు ఎంట్రీ పక్కన ఆర్డర్ నంబర్, ఆఫీసర్ సంతకం, రికార్డ్స్ స్టాంపు మూడూ ఉన్నాయో లేదో చూడండి, ఏది లేకపోయినా రేపు వెరిఫికేషన్‌లో ప్రశ్న వస్తుంది. అలవెన్స్ ఉన్న అవార్డు అయితే బుక్‌లో ఎక్కినంత మాత్రాన డబ్బు రాదు, కొరిజెండమ్ (సవరించిన) పీపీవో కావాలని రికార్డ్స్‌కి అదే వారంలో ఇంకో లెటర్ రాసి, స్పర్శ్ (సైనికుల పెన్షన్ పోర్టల్)లో అవార్డు వివరం కనబడేదాకా నెలనెలా చూస్తూ ఉండండి.