401కె టెస్టు ఉన్నట్టుండి ఫెయిలైతే: స్వలింగ వివాహం, యాజమాన్య లెక్క

అమెరికాలో చిన్న కంపెనీల 401కె ప్లాన్లకు (ఉద్యోగులు జీతంలోంచి రిటైర్మెంటుకు దాచుకునే పథకాలు) ఏటా జరిగే టెస్టుల్లో, కంపెనీలో జీవితభాగస్వామికున్న వాటాను కూడా లెక్కిస్తారు. 2013 జూన్ 26న స్వలింగ వివాహాన్ని కేంద్ర చట్టాల్లో గుర్తించాలన్న అమెరికా సుప్రీంకోర్టు విండ్సర్ తీర్పు వచ్చిన దగ్గర్నుంచి ఇద్దరు మగవాళ్ళ పెళ్ళికీ, ఇద్దరు ఆడవాళ్ళ పెళ్ళికీ ఇదే నియమం. ప్లాన్ పత్రాలు మారినా, ఉద్యోగుల వివరాల్లో పెళ్ళి సంగతి నమోదు కాకపోతే లెక్క తప్పుతుంది.

సమస్య: జీతం 60,000 డాలర్లే, అయినా హెచ్‌సీఈ జాబితాలో పేరు

కారణం: 5 శాతం మించి వాటా ఉంటే జీతంతో పనిలేదు, హెచ్‌సీఈ కిందే లెక్క, అంటే అధిక వేతన ఉద్యోగి. భార్య పేరున 8 శాతం ఉంటే, అమెరికా పన్ను చట్టం సెక్షన్ 318 ప్రకారం అదే కంపెనీలో పనిచేసే ఆమె జీవితభాగస్వామికీ ఆ 8 శాతం ఉన్నట్టే. ఏడాదిలో ఒక్కరోజు ఉన్నా చాలు. డిసెంబరు 30న పెళ్ళయితే ఆ ఏడాది మొత్తం, మరుసటి ఏడాది కూడా ఆ జీవితభాగస్వామి హెచ్‌సీఈ.

ఈ ఒక్క పేరు ఎంత తేడా తెస్తుందో చూడండి. మిగతా ఉద్యోగుల సగటు పొదుపు 4 శాతం అనుకుందాం. అప్పుడు హెచ్‌సీఈల సగటు 6 శాతం దాటకూడదు. 2,00,000 డాలర్ల జీతంతో ఇద్దరు హెచ్‌సీఈలు 6 శాతం చొప్పున దాస్తున్నారు. 60,000 డాలర్ల జీతంతో ఈ జాబితాలో కొత్తగా చేరిన ఈమె 15 శాతం దాస్తోంది. సగటు 9కి వెళ్ళింది, ఈ రెండు సగటులను పోల్చే ఏడీపీ టెస్టు పోయింది. ఆమె శాతాన్ని 6కి దించితే తేలే అదనం 5,400 డాలర్లు. అయితే ఆ డబ్బు ఆమెకు వెనక్కి రాదు. ఎవరు ఎక్కువ డాలర్లు దాచారో వాళ్ళ నుంచే మొదలుపెట్టి తిరిగివ్వాలి. ఆమె దాచింది 9,000, వాళ్ళు చెరి 12,000. కాబట్టి ఆ ఇద్దరికే చెరి 2,700 వెనక్కి వెళ్తాయి. చాలామంది పొరబడేది ఇక్కడే.

పరిష్కారం: అదనాన్ని, దానిపై వచ్చిన లాభాన్ని మరుసటి ఏడాది మార్చి 15లోగా తిరిగివ్వండి (క్యాలెండర్ ఏడాది ప్లాన్లకు). ఆ తేదీ దాటితే కంపెనీ ఫారం 5330 వేసి 10 శాతం పన్ను కట్టాలి. ప్లాన్ ఏడాది ముగిసి 12 నెలలూ దాటిపోతే, హెచ్‌సీఈలకు తిరిగిచ్చినంత సొమ్మునే కంపెనీ తన జేబులోంచి మిగతా ఉద్యోగుల ఖాతాల్లో వేసే దారి ఉంది.

పిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. యజమాని వాటా ఆమె భార్యకు చేరుతుంది కానీ, అక్కణ్ణుంచి ఆ భార్య కన్న బిడ్డకు మళ్ళీ పాకదు. యజమాని ఆ బిడ్డను చట్టబద్ధంగా దత్తత తీసుకుని ఉంటే మాత్రం నేరుగా చేరుతుంది. అదే కంపెనీలో ఆ బిడ్డ ఉద్యోగం చేస్తుంటే దత్తత ఆర్డరు అడగాల్సిందే. అత్తమామలకు ఈ లెక్క వర్తించదు.

సమస్య: కలిసి ఉంటున్నారని వాటా కలిపేశారు, లేదా ఇండియాలో చెల్లని పెళ్ళని వదిలేశారు

రెండూ తప్పే. డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్, సివిల్ యూనియన్ (పెళ్ళి కాకుండా నమోదయ్యే సహజీవన బంధాలు) పెళ్ళి కిందకి రావని అమెరికా పన్ను శాఖ ఇచ్చిన రెవిన్యూ రూలింగ్ 2013-17 చెబుతోంది. పెళ్ళి ఎక్కడ జరిగిందో అక్కడ చెల్లితే చాలని కూడా అదే చెబుతోంది. 2023 అక్టోబరు 17న భారత సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు. అయినా న్యూజెర్సీలో పెళ్ళాడిన హైదరాబాద్ జంటకు 401కె లెక్కలో తేడా ఏమీ ఉండదు. సర్టిఫికెట్ మీది తేదీ రాసుకోండి, అంతే.

సమస్య: పెళ్ళయ్యాక సోలో 401కె కవరేజీ టెస్టులో ఫెయిల్

కారణం: ఒకరికి 30 మంది ఉద్యోగుల ఐటీ కంపెనీ, ఇంకొకరికి ఒంటరి కన్సల్టింగ్. సెక్షన్ 1563 ప్రకారం రెండూ ఒకే యజమాని కిందికి రావచ్చు. అప్పుడు ఒక్కరి కోసమే ఉన్న సోలో ప్లాన్, తగినంతమంది ఉద్యోగులను కలుపుకుందా అని చూసే కవరేజీ టెస్టులో నిలవకపోవచ్చు. రాకుండా ఉండాలంటే ఒకరి కంపెనీలో ఇంకొకరికి సొంత వాటా, డైరెక్టర్ పదవి, ఉద్యోగం, నిర్వహణలో చెయ్యి ఏవీ ఆ ఏడాదంతా ఉండకూడదు. ఆ కంపెనీ ఆదాయంలో అద్దె, వడ్డీ లాంటివి సగం మించకూడదు. జీవితభాగస్వామికీ, 21 ఏళ్ళలోపు పిల్లలకూ అనుకూలంగా షేర్ల అమ్మకంపై ఆంక్షలూ ఉండకూడదు. సాయంత్రాలు కూర్చుని పేరోల్ చూసిపెట్టడం వంటి చిన్న సాయమే ఈ మినహాయింపును పోగొట్టవచ్చు. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో కమ్యూనిటీ ప్రాపర్టీ చట్టం (పెళ్ళయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అనే చట్టం) వల్ల వచ్చిన చిక్కు మాత్రం 2024లో మొదలైన ప్లాన్ ఏడాదుల నుంచి తొలగింది.

పరిష్కారం: ఆ ఏడాదికైతే మరుసటి ఏడాది అక్టోబరు 15లోగా ప్లాన్ సవరించి ఉద్యోగులకు తగినంత జమ చేయాలి. వచ్చే ఏడాదికైతే డిసెంబరు 31లోపే ఆ పదవి, ఆ పని వదిలేయాలి. జనవరి 2న రాజీనామా చేస్తే ఆ ఏడాది కూడా పోయినట్టే.