పాత డ్రీమ్‌కాస్ట్‌ను నేటి బ్రాడ్‌బ్యాండ్‌కు కలపడం ఎలా?

సెగా సంస్థ 1998 నవంబరులో జపాన్‌లో, మరుసటి సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలో విడుదల చేసిన డ్రీమ్‌కాస్ట్ అనే వీడియో గేమ్ కన్సోల్‌కు మోడెమ్ (ఫోన్ లైను ద్వారా ఇంటర్నెట్‌కు కలిపే పరికరం) ఒక పక్కన అమర్చి వచ్చేది. ఫోన్ వైరు తగిలించి డయల్ చేస్తే ఎక్కడో ఉన్నవారితో ఆడుకోగలిగేవారు. 2001లో సెగా దాని తయారీని ఆపేసింది. కాలక్రమంలో సర్వర్లు మూతపడ్డాయి, డయల్-అప్ కనెక్షన్లూ కనుమరుగయ్యాయి. అయినా ఆ కన్సోల్‌తో ఇవాళ కూడా ఆన్‌లైన్‌లో ఆడవచ్చు. అందుకు కన్సోల్‌ను విప్పనక్కరలేదు. అది ఎదురుచూసే డయల్ టోన్‌నూ, అవతల పలికే మోడెమ్‌నూ మన ఇంట్లోనే ఏర్పాటు చేస్తే సరిపోతుంది.

ముందుగా కరెంటు సంగతి చూసుకోవాలి. అమెరికాలో కొన్న డ్రీమ్‌కాస్ట్ 120 వోల్టులకు తయారైనది కనుక, బంధువులెవరైనా అక్కడి నుంచి తెచ్చిన యంత్రాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే పవర్ సప్లై కాలిపోతుంది. వోల్టేజిని తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. యూరప్ మోడల్‌కు ఈ చిక్కు లేదు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడుగుతుంటే లోపలి గడియారపు బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది రీఛార్జి అయ్యే రకం కాబట్టి దాని స్థానంలో దుకాణాల్లో దొరికే మామూలు సీఆర్2032 బిళ్లను పెట్టకూడదు. ఆన్‌లైన్ ఆటకు ఆ గడియారం అడ్డురాదు, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక కావలసినవి: రాస్ప్‌బెర్రీ పై అనే ఒక చిన్న కంప్యూటర్ (రాస్ప్‌బెర్రీ పై 3 చక్కగా సరిపోతుంది), మైక్రో ఎస్‌డీ కార్డు, యూఎస్‌బీ మోడెమ్, మామూలు ఫోన్ వైరు, డ్రీమ్‌కాస్ట్‌లో ఇంటర్నెట్ చూసేందుకు వాడే బ్రౌజర్ డిస్కు. వీటిలో జాగ్రత్తగా ఎంచుకోవలసింది మోడెమ్ ఒక్కటే. చవకగా దొరికే యూఎస్‌బీ మోడెమ్‌లన్నీ ఈ పనికి రావు, ఎందుకంటే డయల్ టోన్ శబ్దాన్ని వినిపించాలంటే దానికి వాయిస్ మోడ్ ఉండాలి, రాస్ప్‌బెర్రీ పైని నడిపే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని గుర్తించాలి. డెల్ లాప్‌టాప్‌లకు తోడుగా అమ్మిన ఆర్‌డీ02-డీ400 అనే కోనెక్సెంట్ చిప్ మోడెమ్‌ను ఎక్కువమంది వాడుతున్నారు. పాత కంప్యూటర్ సామాన్ల దుకాణాల్లో అది కనిపిస్తే బేరమాడకుండా తీసుకోవచ్చు.

డ్రీమ్‌పై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌ను (కార్డు మీదికి యథాతథంగా రాసే ఫైలును) కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసుకొని, ఎస్‌డీ కార్డు మీదికి రాసి, కార్డును రాస్ప్‌బెర్రీ పైలో పెట్టండి. రాస్ప్‌బెర్రీ పైని ఈథర్‌నెట్ కేబుల్‌తో రూటర్‌కూ, యూఎస్‌బీ మోడెమ్‌ను రాస్ప్‌బెర్రీ పైకీ, ఫోన్ వైరుతో ఆ మోడెమ్‌ను డ్రీమ్‌కాస్ట్‌కూ కలపండి. ఈ వైరును గానీ మోడెమ్‌ను గానీ ఇంట్లోని అసలు ల్యాండ్‌లైన్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకండి. ఆ లైనులో 48 వోల్టుల వరకు విద్యుత్తు ఉంటుంది, రింగ్ వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ.

తర్వాత బ్రౌజర్ డిస్కు పెట్టి, కనెక్షన్ సెట్టింగుల్లో ఏదో ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. అది ఎవరి నంబరన్నది లెక్కలోకి రాదు, డ్రీమ్‌పై దేనికైనా పలుకుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లను మాత్రం డ్రీమ్‌పై సూచనల్లో ఉన్నట్టే నింపండి. ఈ వివరాలు కన్సోల్ ఫ్లాష్ మెమరీలో భద్రమవుతాయి, చాలా ఆటలు వాటిని అక్కడి నుంచే తీసుకుంటాయి.

డయల్ నొక్కినప్పుడు జరిగేది ఇది: రాస్ప్‌బెర్రీ పై ముందే మోడెమ్ ద్వారా డయల్ టోన్‌ను లైనులోకి పంపుతూ ఉంటుంది, కన్సోల్ దాన్ని విని అంకెలు నొక్కుతుంది, ఆ అంకెల శబ్దం పసిగట్టగానే రాస్ప్‌బెర్రీ పై ఆ టోన్‌ను ఆపేసి కాల్ ఎత్తుతుంది, రెండు మోడెమ్‌లు ఆ పాత కీచుశబ్దంతో మాటాడుకొని కలుస్తాయి. పాత సర్వర్ల పేర్లను అభిమానులు నడిపే సర్వర్ల వైపు మళ్లించే పని కూడా డ్రీమ్‌పైదే. కన్సోల్‌కు డయల్ టోన్ అందకపోతే ఫోన్ వైరులోని ఒక తీగను కత్తిరించి, మధ్యలో 9 వోల్టుల బ్యాటరీని, ఒక రెసిస్టర్‌ను వరుసగా కలుపుతారు. లైనులో వోల్టేజి లేనిదే కొన్ని మోడెమ్‌లు అసలు స్పందించవు.

వేగం 33.6 కిలోబిట్లు దాటకపోతే కంగారుపడనక్కరలేదు. 56 కిలోబిట్ల వేగానికి అవతలి కొస డిజిటల్ లైను కావాలి, ఇక్కడ రెండు కొసలూ అనలాగ్ మోడెమ్‌లే. ఆ రోజుల ఆటలను అంతటి వేగానికే రాశారు.

అసలు చిక్కు వేరేచోట వస్తుంది. ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ వంటి ఆటలో అందరూ ఒక సర్వర్‌కు కలుస్తారు గనుక హైదరాబాద్ నుంచైనా, గుంటూరు నుంచైనా సాఫీగా సాగుతుంది, కొంత ఆలస్యాన్నీ ఓర్చుకుంటుంది. వేగంగా కాల్పులు సాగే క్వేక్ 3 అరీనాలో మాత్రం విదేశీ సర్వర్‌తో ఆడితే గురి తప్పడం ఖాయం. ఇక ఆటగాడే తన కన్సోల్ నుంచి ఆటను నడిపి ఇతరులను చేర్చుకోవాల్సిన (హోస్ట్ చేయాల్సిన) చోట బయటివారు మీ ఇంటి కనెక్షన్‌ను చేరగలగాలి; మన దేశంలో చాలా బ్రాడ్‌బ్యాండ్ సంస్థలు అనేక ఇళ్లకు ఒకే పబ్లిక్ ఐపీని (బయటివారికి కనిపించే ఇంటర్నెట్ చిరునామాను) పంచుతున్నందున అది కుదరదు. రూటర్ పేజీలో కనిపించే వాన్ ఐపీ (సంస్థ మీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అలాంటి కనెక్షనే. అప్పుడు రూటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా లాభం లేదు. నెలకు కొంత అదనంగా చెల్లించి మీ ఒక్కరికే చెందే, మారని చిరునామా అయిన స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదంటే ఇతరులు హోస్ట్ చేసే ఆటల్లో చేరాలి. రెండోదే నా సలహా.