సెకండ్ హ్యాండ్ సీఎన్‌జీ కారు: అడ్వాన్స్ ఇచ్చే ముందు

• ముందు ఆర్సీ చూడండి. ఇంధనం దగ్గర పెట్రోల్ అని మాత్రమే ఉంటే, బయట బిగించిన కిట్ రికార్డుకు ఎక్కలేదన్నమాట. ఇన్సూరెన్స్ పాలసీలోనూ కిట్ ప్రస్తావన ఉండాలి. లేకపోతే క్లెయిమ్ దగ్గర టెన్షన్.

• డిక్కీ తెరిచి సిలిండర్ ప్లేటు చదవండి. 3 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) తప్పనిసరి. సర్టిఫికెట్‌లోని నంబరు, సిలిండర్ మీది నంబరు ఒకటేనా? నిండు సిలిండర్‌లో గ్యాస్ సుమారు 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. తుప్పో సొట్టో కనిపిస్తే బేరం వద్దు. "రంగేస్తే పోతుందండీ" అంటే అసలే వద్దు.

• పెట్రోల్ మీద, గ్యాస్ మీద విడివిడిగా నడిపి చూడండి.

• కొన్నాక ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌ల మీద కన్నేసి ఉంచండి. ట్యాంకులో కొంత పెట్రోల్ ఎప్పుడూ ఉండాలి.

• గ్యాస్ వాసన వస్తే ఇంజిన్ ఆపి, తలుపులు తెరిచి, సిలిండర్ వాల్వ్ కట్టేయండి. మళ్లీ స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే రప్పించండి.