ఆకు పొడిగా, చికెన్ మెత్తగా: కొత్త దేశంలో కడుపు నిండే సలాడ్

కొత్త దేశంలో దిగిన మొదటి నెలలో వంటింట్లో పెద్దగా ఏమీ ఉండవు. ఒక పెనం, ఒక కత్తి, ఒక పెద్ద గిన్నె ఉంటే అదే గొప్ప. పొయ్యి తీరు ఇంకా అలవాటు కాలేదు. పగలంతా కాగితాల పని, బ్యాంకు పని, ఇల్లు వెతుక్కునే పని, సాయంత్రానికి ఒళ్లు హూనం. అలాంటి రోజుల కోసం, కొత్తగా వచ్చినవాళ్లకు నేను మొదట నేర్చుకోమని చెప్పేది పండ్లు, చికెన్, చీజ్ వేసిన సలాడ్. పక్కన నంజుకునేది కాదు, అదే పూర్తి భోజనం. ముప్పావు గంటలో అయిపోతుంది, దానికి కావాల్సినవి దాదాపు ఏ దేశంలోనైనా దొరుకుతాయి.

"ఆకులు తింటే కడుపు నిండుతుందా?" అని చాలామంది అడుగుతారు. తప్పకుండా నిండుతుంది. ఇద్దరికి 300 గ్రాముల బోన్‌లెస్ చికెన్ తీసుకుంటే ఒక్కొక్కరి వాటాకు 30 గ్రాములకు పైగా ప్రొటీన్ వస్తుంది. దానికి తోడు చీజ్, వాల్‌నట్స్, నూనె ఉంటాయి. గంటకే ఆకలి వేసే తిండి కాదిది.

నేను మొదటిసారి చేసినప్పుడు మాత్రం గిన్నె అడుగున నీళ్లు నిలిచాయి, చికెన్ పీచులా తయారైంది. కడిగిన ఆకుల్ని అలాగే వేశాను, ఉడకలేదేమో అన్న భయంతో చికెన్‌ని ఎండిపోయేదాకా వేయించాను. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా, పక్కన నిలబడి ఎంతమందికి చూపించినా, తేడా కొట్టేది ఈ రెండు చోట్లే. ఆకు పొడిగా ఉండాలి, చికెన్ లోపల తేమ నిలవాలి. ఇవి రెండూ కుదిరితే మిగతావి కాస్త అటూ ఇటూ అయినా సలాడ్ బాగానే ఉంటుంది.

కొనేటప్పుడు

ఇద్దరికి 300 గ్రాముల చికెన్, దాదాపు 150 గ్రాముల ఆకులు (నాలుగైదు పెద్ద గుప్పెళ్లు), ఒక పెద్ద పండు, 60 గ్రాముల చీజ్, ఒక గుప్పెడు వాల్‌నట్స్ సరిపోతాయి. కొన్ని దేశాల్లో తూకం పౌండ్లలో, ఔన్సుల్లో ఉంటుంది. పౌండు అంటే దాదాపు 454 గ్రాములు, ఔన్సు అంటే దాదాపు 28. ఆకుల్లో మెత్తగా, తియ్యగా ఉండే లెట్యూస్ కానీ లేత పాలకూర కానీ సగం తీసుకోండి. మిగతా సగం కొంచెం ఘాటుగా ఉండేది అయితే పండు తీపికి బాగా నప్పుతుంది. ఆ ఘాటైన ఆకునే ఒక దేశంలో రాకెట్ అంటారు, ఇంకో దేశంలో అరుగులా అంటారు. పేరు చూసి వేరే ఆకేమో అని వదిలేయకండి.

ప్యాకెట్ మీద రెండు రకాల తేదీలు కనిపించవచ్చు. చాలా దేశాల్లో "యూజ్ బై" అని ఉంటే అది భద్రతకు సంబంధించిన తేదీ. చికెన్ విషయంలో అది దాటితే పారేయాల్సిందే. "బెస్ట్ బిఫోర్" అనేది రుచికి, నాణ్యతకు సంబంధించింది. ఆ తేదీ దాటినంత మాత్రాన పదార్థం పాడైపోయినట్టు కాదు.

చీజ్ దగ్గర కాసేపు ఆగి లేబుల్ చదవండి. పాలను విరగ్గొట్టడానికి వాడే రెనెట్‌ని కొన్ని చీజ్‌లలో దూడల పొట్ట నుంచి తీస్తారు. అసలైన పార్మిజానో రెజ్జానో అనే ఇటలీ గట్టి చీజ్‌లో వాడేది అదే. గొడ్డు మాంసానికి దూరంగా ఉండేవాళ్లకు ఇది తెలియాల్సిన సంగతి. ఎన్నో ఏళ్లుగా తెలియకుండా తిన్నామని బాధపడినవాళ్లను చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను. "వెజిటేరియన్ రెనెట్" అనో, శాకాహారులకు తగినదనో రాసి ఉన్న చీజ్‌లు చాలానే దొరుకుతాయి. ఇంట్లో గర్భిణి ఉంటే పచ్చిపాలతో చేసిన చీజ్ వద్దు. నీలి చారలుండే బ్లూ చీజ్, పైన తెల్లటి బూజుపొర ఉండే మెత్తటి చీజ్‌లు కూడా పక్కన పెట్టండి. వాటివల్ల లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకే ముప్పు ఉంటుంది. పాశ్చరైజ్ చేసిన పాలతో తయారైన చెడ్డర్ లాంటి గట్టి చీజ్ నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఏ పండుకు ఏ చీజ్

ఒక పండు, ఒక చీజ్. మొదట్లో అంతకు మించి వద్దు. నాలుగు రకాల పండ్లు కోసి పోస్తే అది ఫ్రూట్ సలాడ్ అవుతుంది, అందులో చికెన్ వేరేగా ఉండిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన జోడీ పియర్, బ్లూ చీజ్. ఆ చీజ్‌ని విడిగా నోట్లో పెట్టుకుంటే మొదటిసారి చాలామందికి నచ్చదు. ఘాటు వాసన, గట్టి ఉప్పు. కానీ పండిన పియర్ ముక్క మీద చిటికెడు వేసుకుని తిని చూడండి. ఉప్పు తగ్గినట్టు, పండు తీపి పెరిగినట్టు అనిపిస్తుంది. అంత ఘాటు వద్దనుకుంటే ఆపిల్‌తో చెడ్డర్, స్ట్రాబెరీతో ఫెటా కానీ మేకపాల చీజ్ కానీ వేసుకోండి. ద్రాక్ష దేనితోనైనా కలిసిపోతుంది, సగానికి కోసి వేయండి.

పియర్ పండిందో లేదో రంగు చూసి చెప్పడం కష్టం. అది లోపలి నుంచి బయటికి పండుతుంది. తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కండి, కొద్దిగా లోపలికి వెళితే సిద్ధమైనట్టే. గట్టిగా ఉంటే రెండు మూడు రోజులు బయట పెట్టండి, పక్కన అరటిపండు ఉంటే ఇంకా త్వరగా పండుతుంది. స్ట్రాబెరీ అలా కాదు, కోశాక ఇక పండదు. కాబట్టి కొనేటప్పుడే తొడిమ దాకా ఎర్రగా ఉన్నవి ఏరుకోండి. ఆపిల్, పియర్ కోయగానే నల్లబడకుండా నాలుగు చుక్కల నిమ్మరసం రాయండి.

తాజా అనాస, బొప్పాయి, కివీ అంటే ఇష్టమైతే వేసుకోండి కానీ తినే ముందే వేయండి. వాటిలో ప్రొటీన్‌ని విరిచే ఎంజైములు ఉంటాయి. కలిపి ఉంచేస్తే చికెన్ పైపొర పిండిలా అవుతుంది, చీజ్ చేదెక్కుతుంది. ఇంకొక జాగ్రత్త గ్రేప్‌ఫ్రూట్ గురించి. చూడ్డానికి పెద్ద కమలాపండులా ఉంటుంది, చాలా సలాడ్లలో వేస్తారు. కొలెస్ట్రాల్‌కి ఇచ్చే సిమ్వాస్టాటిన్ లాంటి కొన్ని మందులు వేసుకునేవాళ్లు దాన్ని తింటే మందు మోతాదు ఒంట్లో పెరిగిపోతుంది. అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి, డాక్టర్‌ని అడగకుండా పెట్టకండి.

చికెన్

ప్యాకెట్ తెరవగానే కడగాలనిపిస్తుంది. కడగకండి. పచ్చి చికెన్ మీద కుళాయి నీళ్లు పడితే ఆ తుంపరలతో బ్యాక్టీరియా సింకు చుట్టూ, పక్కనున్న ఆకుల మీదికి చేరుతుంది. దాన్ని చంపేది వేడి మాత్రమే. కడగడానికి బదులు పేపర్ టవల్‌తో రెండు వైపులా గట్టిగా అద్ది తడి తీసేయండి, తడి పోతేనే పెనం మీద రంగు తేలుతుంది. ఆ టవల్ నేరుగా చెత్తబుట్టలోకి పోవాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. పచ్చి చికెన్ కోసిన బోర్డు మీద పండు కోయకూడదు.

బ్రెస్ట్ ముక్క ఒక పక్క లావుగా, ఇంకో పక్క సన్నగా ఉంటుంది. అలాగే వేయిస్తే లావు పక్క ఉడికేసరికి సన్నపక్క చెక్కలా అయిపోతుంది. అందుకే ముక్క మీద అరచెయ్యి ఆనించి, కత్తిని పడుకోబెట్టి, పుస్తకం మధ్యలోకి తెరిచినట్టు అడ్డంగా రెండు పలుచని పలకలుగా కోయండి. అర టీస్పూన్ ఉప్పు, కొంచెం మిరియాల పొడి రెండు వైపులా పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు లోపలికి దిగి, ఉడికేటప్పుడు నీరు పోకుండా కొంత పట్టి ఉంచుతుంది. మొదట్లో ఇదంతా టెన్షన్‌గా అనిపిస్తే తొడ మాంసం కొనండి, అందులో కొవ్వు ఎక్కువ కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువ ఉడికినా పాడవదు.

పెనం మధ్యస్థం కన్నా కాస్త ఎక్కువ మంట మీద వేడెక్కాక రెండు టీస్పూన్ల నూనె వేసి పలకలు పరవండి. తర్వాత నాలుగు నిమిషాలు కదపకండి. మొదట అంటుకున్నట్టు ఉంటుంది. అడుగు బంగారు రంగుకు వచ్చాక అదే వదులుతుంది, బలవంతంగా లాగితే ఆ రంగంతా పెనానికే మిగులుతుంది. తిప్పి ఇంకో మూడు నాలుగు నిమిషాలు. ముక్క నడిమధ్యలో వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కి రావాలి, ఫారెన్‌హీట్‌లో అయితే 165. వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోమని గట్టిగా చెబుతాను. ఉడికిందో లేదో అన్న భయమే చికెన్‌ని ఎండగొడుతుంది, ఆ అంకె కంటికి కనిపిస్తే భయం పోతుంది. అది కొనేదాకా లావుగా ఉన్నచోట కోసి చూడండి. గులాబీ రంగు లేకుండా, కారే రసం తేటగా ఉండాలి.

వేయించేటప్పుడు చిమ్నీ ఫ్యాన్ వేయండి, కిటికీ తెరవండి. నూనె పొగలొచ్చేదాకా కాగనివ్వకండి. చిన్న గదుల్లో పొగ అలారం వెంటనే మోగుతుంది. మోగితే పెనం దించి గాలి ఆడనివ్వండి. అలారం బ్యాటరీ మాత్రం ఎప్పుడూ తీయొద్దు. అద్దె ఇళ్లలో దాని జోలికి వెళ్లడం పెద్ద గొడవ అవుతుంది, అన్నిటికన్నా ముందు అది మీ ప్రాణానికి కాపలా.

దించాక ఐదు నిమిషాలు పళ్లెంలో వదిలేయండి. అప్పుడు ముక్కను దగ్గరగా చూడండి, పీచు ఒకే దిక్కుగా సన్నని గీతల్లా కనిపిస్తుంది. కత్తి ఆ గీతలకు అడ్డంగా నడవాలి. నిలువుగా కోస్తే ప్రతి ముక్కా పొడుగాటి దారాల కట్ట అవుతుంది, నమలలేం. అడ్డంగా కోస్తే దారాలు పొట్టిగా తెగి అదే చికెన్ నోట్లో మెత్తగా విడిపోతుంది.

ఆకు

ప్యాకెట్ మీద కడిగి సిద్ధం చేసినట్టు రాసి ఉంటే మళ్లీ కడగక్కర్లేదు. విడి ఆకులైతే పెద్ద గిన్నెలో చల్లటి నీళ్లు పోసి ముంచి, చేత్తో కదిపి, పైకి ఎత్తి తీయండి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకుల మీదికే వస్తుంది. తర్వాత శుభ్రమైన పొడి టవల్ మీద ఆకులు పరిచి, వదులుగా చాపలా చుట్టి, రెండు కొసలూ పట్టుకుని నాలుగుసార్లు విసరండి. టవల్ తడుస్తుంది, ఆకు ఆరుతుంది. వేలితో తడిమితే తడి తగలకూడదు. నూనె తడి ఆకుకు పట్టదు, జారి గిన్నె అడుక్కి పోతుంది. సలాడ్ చప్పగా ఉందనేవాళ్ల గిన్నె వంచి చూడండి, రుచంతా అడుగున మడుగు కట్టి ఉంటుంది.

కలపడం

మూత గట్టిగా పట్టే చిన్న సీసాలో మూడు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె, ఒక టేబుల్ స్పూన్ వెనిగర్ కానీ నిమ్మరసం కానీ, ఒక్కో టీస్పూన్ మస్టర్డ్ (సీసాల్లో అమ్మే ఆవాల ముద్ద), తేనె, పావు టీస్పూన్ ఉప్పు వేసి బాగా గిలకొట్టండి. ఇదే డ్రెస్సింగ్. నూనె, వెనిగర్ విడిపోకుండా కాసేపు పట్టి ఉంచేది మస్టర్డే. రుచి చూడ్డానికి చెంచా కాదు, ఒక ఆకు ముంచి తినండి. పండు బాగా తియ్యగా ఉంటే వెనిగర్ ఇంకాస్త పెంచండి.

వాల్‌నట్స్‌ని ఖాళీ పెనం మీద సన్నటి మంటన నాలుగైదు నిమిషాలు, కమ్మటి వాసన వచ్చేదాకా కదుపుతూ వేయించండి. కలిసి ఉండే ఇంట్లో అయితే ఎవరికైనా గింజల అలర్జీ ఉందేమో ముందే అడగండి. కొందరికి అది ప్రాణం మీదికి తెస్తుంది.

ముందు ఆకుల మీద సగం డ్రెస్సింగ్ పోసి రెండు చేతులతో అడుగు నుంచి పైకి మెల్లగా కలపండి. ప్రతి ఆకూ సన్నగా మెరవాలి, అంతే. పైన పండు, గోరువెచ్చగా ఉన్న చికెన్, వాల్‌నట్స్ వేయండి. మరీ వేడి చికెన్ వేస్తే ఆకు వాడిపోతుంది. చీజ్ చివర్లో చేత్తో చిదిమి చల్లండి, ముందే వేసి కలిపితే నలిగి అన్నిటికీ తెల్లగా పూసుకుంటుంది. మిగిలిన డ్రెస్సింగ్ చికెన్ మీదే పోయండి. వెంటనే తినేయండి.

మర్నాటికి కావాలంటే కలపకుండా దాచాలి. వండిన చికెన్‌ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. నేను ఆదివారం 600 గ్రాములు ఒకేసారి వేయించి, బుధవారం దాకా లంచ్‌కి సర్దుకుంటాను. పొడుగాటి డబ్బా అడుగున డ్రెస్సింగ్, దాని మీద చికెన్, తర్వాత పండు, చీజ్, వాల్‌నట్స్, అన్నిటికన్నా పైన పొడి ఆకు. ఆఫీసులో ఫ్రిజ్ లేకపోతే డబ్బా పక్కన ఐస్ ప్యాక్ పెట్టుకోండి. దారిలో డబ్బా నిటారుగా ఉండేలా చూసుకోండి. తినే ముందు పళ్లెంలోకి బోర్లిస్తే ఆకు అడుక్కి పోయి, డ్రెస్సింగ్ పైనుంచి జారుకుంటూ వస్తుంది.