ఏరియల్స్ జంప్‌కి మార్కులు లెక్కగట్టడం ఎలా: అలీసా కాంప్లిన్ స్వర్ణం ఉదాహరణగా

2002 ఫిబ్రవరి 18న సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో అలీసా కాంప్లిన్ 193.47 మార్కులతో ఏరియల్స్ (స్కీలతో ర్యాంప్ మీంచి ఎగిరి గాలిలో పిల్లిమొగ్గలు వేసే పోటీ) స్వర్ణం గెలిచింది. శీతాకాల ఒలింపిక్స్‌లో స్వర్ణం సాధించిన తొలి ఆస్ట్రేలియా మహిళ ఆమే. రెండో స్థానంలో నిలిచిన కెనడా క్రీడాకారిణి వెరోనికా బ్రెనర్‌కి 190.02. ఇంత చిన్న తేడా ఎక్కడ పుడుతుందో తెలియాలంటే జంప్ చూస్తూ మీరే మార్కులు వేసి చూడాలి.

వీడియోని నెమ్మదిగా నడిపి ముందు పిల్లిమొగ్గలు, తర్వాత మెలికలు (ఒళ్లు నిలువుగా బొంగరంలా ఒక చుట్టు తిరగడం) లెక్కపెట్టండి. ఒక పిల్లిమొగ్గలో ఒక మెలిక ఉంటే ‘ఫుల్’, రెండుంటే ‘డబుల్ ఫుల్’, అసలు లేకపోతే ‘లే’. కాంప్లిన్ ఆ రోజు చేసిన రెండు జంప్‌లూ వెనక్కి వేసే రెండేసి పిల్లిమొగ్గలు, మూడేసి మెలికలు. జంప్ ఎంత కష్టమైనదో చెప్పే అంకె ఈ లెక్క నుంచే వస్తుంది.

ఇప్పటి పద్ధతిలో ఐదుగురు జడ్జిల్లో ఒక్కొక్కరు ఎగరడానికి 2, గాలిలో తీరుకి 5, ల్యాండింగ్‌కి 3 వరకు ఇస్తారు. ప్రతి విభాగంలో అత్యధిక, అత్యల్ప మార్కులు తీసేసి, మిగిలిన మూడూ కూడతారు.

ర్యాంప్ అంచు దాటకముందే భుజాలు వెనక్కి పడితే ఎత్తు పోతుంది. మొదటి కోత అక్కడే. గాలిలో మోకాళ్లు వంగడం, స్కీలు విడిపోవడం చూడండి. మెలిక ఆలస్యంగా ముగిస్తే స్కీలు పక్కకి తిరిగే నేల తాకుతాయి. పిల్లిమొగ్గ ఎక్కువ తిరిగితే వెనక్కి కూలబడతారు, తక్కువైతే ముందుకి తూలతారు. చెయ్యి మంచుకి తగిలినా కోతే. కాంప్లిన్ జిమ్నాస్టిక్స్ నుంచి వచ్చింది, స్కీయింగ్ మొదలుపెట్టింది 19 ఏళ్లకి. తీరుకి సగం మార్కులుండే ఈ ఆటలో ఆ పునాది చాలా విలువైనదని మా అభిప్రాయం.

ఇక గుణకారం: మూడు విభాగాల మొత్తాలూ కలిపి, కష్టం అంకెతో గుణిస్తారు. కష్టం అంకె 3.525 అనుకుందాం. ఒక్కో విభాగంలో మిగిలిన మూడేసి మార్కుల మొత్తం ఎగరడానికి 5.4, తీరుకి 13.2, ల్యాండింగ్‌కి 7.8 అయితే 26.4 × 3.525 = 93.06. అదే జంప్‌లో ల్యాండింగ్ మొత్తం 3.0కి పడిపోతే 21.6 × 3.525 = 76.14. దాదాపు 17 మార్కులు పోయాయి! 2002లో రెండు జంప్‌ల మార్కులు కలిపేవారు కాబట్టి, రెండిట్లోనూ నిలబడి దిగడం తప్పనిసరి.